కవలపిల్లల తల్లి: మేరీ స్లెస్సరు చరిత్రము

కన్నబిడ్డను పోగొట్టుకొనవలెనని కోరు తల్లి యే దేశమునందును లేదు. అయినను తల్లి యొడిలోని బిడ్డను లాగికొని చంపించు నాచారములు పెక్కుదేశములందు వెలసి, ధర్మమను పేర చిరకాలము నిలిచియుండెను. అట్టి యాచార మొకటి పశ్చిమాఫ్రికాలోని కలబారు ప్రాంతమున నుండెను. దాని నెదుర్కొనుటకై తన జీవితములో ముప్పదియెనిమిదేండ్లు ధారవోసిన యొక మిల్లుకూలిదాని చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఆమె పేరు మేరీ స్లెస్సరు.

న్యాయవాద వృత్తియందున్న మేము చట్టముయొక్క బలమును కొంత యెరుగుదుము. దాని బలహీనత నింకను నెక్కువగా నెరుగుదుము. చట్టము హంతకుని శిక్షింపగలదు. భయకంపితుడైన తండ్రిచేత బిడ్డ నెత్తికొనజేయుట దాని తరము గాదు. ఆ పని యెట్లు జరుగునో తెలిసికొనగోరు వారి కీ చరిత్రము పఠనీయము.

బాల్యము

మేరీ స్లెస్సరు 1848వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన స్కాట్లాండు దేశమందలి ఆబర్డీను పట్టణమున జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టువాడు. తల్లి నేతపని నేర్చిన భక్తురాలు. ఏడుగురు సంతానములో మేరీ రెండవది. తండ్రి త్రాగుడునకు లోబడి పని పోగొట్టుకొనగా 1859వ సంవత్సరమున కుటుంబమంతయు డండీ పట్టణమునకు తరలిపోయెను. డండీ యా కాలమున నారబట్టల మిల్లులకును, జనపనార మిల్లులకును ప్రసిద్ధి వహించియుండెను. మన వంగదేశమున పండిన జనపనార యోడలమీద నచ్చటికే పోయి గోనెగుడ్డగా మారుచుండెను.

పదునొకండవ యేట మేరీ మిల్లులో చేరెను. సగముపూట పని, సగముపూట చదువు. పదునాలుగవ యేటికి పూర్తి పనిగత్తెయై యుదయ మారుగంటలు మొదలు సాయంకాల మారుగంటల వరకు మగ్గము చెంత నిలిచియుండెను. మగ్గముపైన పుస్తకము తెరచి యుంచుకొని, నూలు తెగని క్షణములందు నొక్కొక్క వాక్యమే చదువుకొనుచుండెను. తండ్రి త్రాగివచ్చిన రాత్రులందు ఆ బాలిక యిల్లు విడిచి వీధిలో నేడ్చుచు నిలుచుండిన సందర్భములును గలవు. కొంతకాలమునకు తండ్రియు, సోదరులును మరణించిరి. తల్లి భారమును, చెల్లెండ్ర భారమును మేరీపై బడెను.

పగలు పండ్రెండుగంటలు పనిచేసి యలసినను, సాయంకాలములందు మేరీ జీతభత్యములు లేకయే డండీలోని బీదపేటలకు పోయి వీధిబాలురకు చదువును, వేదపాఠములును చెప్పుచుండెను. ఒకనాడు అల్లరిమూక యొకటి యామెను చుట్టుముట్టి, త్రాటికి కట్టిన సీసపుగుండు నామె తలచుట్టును గిరగిర త్రిప్పి, అంతకంతకు దగ్గరకు దెచ్చెను. ఆమె కదలలేదు. గుండు నుదుటిని రాచుచు పోయినను రెప్పవాల్పక నిలిచెను. మూకకు నాయకుడైన బాలుడు గుండును క్రింద పారవైచి, తనవారినందర నామె పాఠశాలకు తోడ్కొనిపోయెను. పిమ్మట నాఫ్రికాలో కత్తులు ధరించినవారి నడుమ నామె చేసినదంతయు నీ పనియే.

ఆఫ్రికా ఖండమున సంచరించి ప్రఖ్యాతి గాంచిన డేవిడ్ లివింగ్‌స్టను 1873వ సంవత్సరమున మరణించెను. అతడును బాల్యమున మిల్లులో కూలిచేసినవాడే. అతని మరణవార్త విన్న మేరీ తానును ఆ ఖండమునకు పోవ నిశ్చయించుకొని, 1875లో యునైటెడ్ ప్రెస్బిటీరియను సంఘమువారికి దరఖాస్తు చేసికొనెను. ఎడింబరోలో కొంత శిక్షణము పొంది, 1876వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన ఇథియోపియా యను నోడ నెక్కెను. సాలుకు అరువది పౌనులు జీతము. ఆ యోడలోనే మద్యపుపీపాలు మెండుగా నెక్కించి యుండుట యామె చూచెను. త్రాగుడువలన తన యిల్లు గూలుట చూచిన యామెకు, ధర్మబోధకురాలిని, మద్యమును నొక్క యోడయే మోసికొని పోవుట యెట్లు తోచెనో చదువరులే యూహింపవచ్చును.

కలబారు

కలబారు పట్టణము నేటి నైజీరియా దేశపు ఆగ్నేయభాగమున, సముద్రమునకు సమీపమున నదీతీరముననున్నది. అచ్చటివారు ఎఫిక్కులు. పూర్వమది బానిసల నోడలకెక్కించు రేవు. ఆ వ్యాపారము నిషిద్ధమైన పిమ్మట, ఐరోపావారి సబ్బులకును, క్రొవ్వొత్తులకును, యంత్రములకును కావలసిన తాటిజాతి చెట్టు నూనె యెగుమతియయ్యెను. క్రైస్తవమిషను అచ్చట 1846లోనే స్థాపితమయ్యెను. కావున మేరీ రాకమునుపే శిశుహత్యకు ప్రతికూలముగ బోధించినవారు గలరు. వారి బోధ నది యొడ్డున నుండిన యూళ్ల వరకే చేరెను. లోపలి పల్లెలకు చేరలేదు.

ఆ పల్లెలందు కవలలు పుట్టుట ఘోరాపశకునము. ఇద్దరిలో నొకడు మానవునికి పుట్టినవాడనియు, రెండవవాడు దుష్టభూతమునకు పుట్టినవాడనియు జనులు నమ్మిరి. ఎవరు భూతసంతానమో తెలియదు గనుక నిద్దరిని చంపుచుండిరి; లేక మట్టికుండలలో నుంచి యడవిలో విడిచి వచ్చుచుండిరి. తల్లిని సైతము మైలపడినదానినిగా నెంచి యూరినుండి వెడలగొట్టుచుండిరి. బాలింతరాలు అడవిపాలగుచుండెను.

ఇది చదివి యాఫ్రికావారిని చులకన చేయువారు మనలో నుండవచ్చును. వారు మన చరిత్రమును మరువరాదు. గంగాసాగరమున బిడ్డలను నీటిపాలు చేయు మ్రొక్కుబడిని 1802లో శాసనముచే మాన్పింపవలసివచ్చెను. ఆడుశిశువుల హత్యను నివారించుటకు 1870లో మరియొక చట్టము చేయవలసివచ్చెను. నేటి నైజీరియాలోనే పడమటి భాగమందలి యోరుబాజాతివారు కవలలను దైవానుగ్రహముగా గౌరవింతురు. ఒక జాతికి భయమైనది పొరుగుజాతికి పండుగ. కావున నిట్టి దురాచారము రక్తమున బుట్టినది గాదు, నేర్చుకొన్నది. నేర్చుకొన్నది మరువనువచ్చును.

మేరీ మొదట ఎఫిక్కుభాషను నేర్చెను. ఆ భాషలో నామె స్థానికులవలెనే హాస్యమాడగలుగుచుండెనని ప్రతీతి. మూడేండ్లకు మలేరియాజ్వరముచే కృశించి 1879లో స్వదేశమునకు పోయి, మరుసటియేట తిరిగి వచ్చెను. అంతట నామె పాతపట్టణ మనుచోట తోడి దొరసానులు లేక యొంటరిగా నివసింపసాగెను. కందగడ్డలు మొదలగు స్థానికాహారముతో కాలము గడపుకొని, మిగిలిన జీతమును తల్లికి పంపుచుండెను. టోపీ మానెను, బూట్లు మానెను, జుట్టు పొట్టిగా కత్తిరించుకొనెను. నీటిని వడగట్టక త్రాగుచుండెను. ఇందులో కొన్ని యారోగ్యసూత్రములకు విరుద్ధములే. వాని ఫలమును జ్వరరూపమున నామె జీవితాంతము ననుభవించెను.

ఈ కాలముననే యామెకు కవలలైన యొక శిశుద్వయము లభించెను. బంధువులు వంచనచే మగశిశువును కొనిపోయి చంపివేసిరి. ఆడుశిశువు బ్రదికెను. తన చెల్లెలిపేర జేని యని పిలుచుచు మేరీ యాబిడ్డను పెంచుకొనెను. 1883లో మరల జబ్బుపడి స్కాట్లాండునకు పోవునపుడు శిశువును వెంట గొనిపోయెను. కలబారు సంగతులను ప్రసంగములవలన వినియుండిన స్కాట్లాండుజనులు మృత్యుముఖమునుండి తప్పిన బిడ్డను కన్నులార జూచిరి. ఆనాటినుండి యాదివారపుబడుల పిల్లలు బట్టలును, బొమ్మలును, సామానులును పెట్టెలలో సర్ది కలబారునకు పంపుచుండిరి.

1885లో మేరీ తిరిగి వచ్చెను. కొలది కాలములోనే తల్లియు, మిగిలిన చెల్లెలును గతించిరి. స్వదేశమున నామెకై యెదురుచూచు వా రిక లేరైరి.

జేని తండ్రి సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఆ మనుష్యుడు కూతురు బ్రదికియున్నదని వినియు, దగ్గరకు వచ్చుటకు వెరచుచుండెను. ఒకనాడు మేరీ యతనిని పట్టుకొని బలవంతముగ శిశువు చెంతకు దెచ్చెను. అతడు వణకుచు దూరముగ నిలిచెను. మేరీ బిడ్డ నతని చేతులలో నుంచెను; బిడ్డ తండ్రి మెడను కౌగిలించుకొనెను. ఏ కీడును రాలేదు. ఆ మనుష్యుని ముఖము మారిపోయెను. నాటినుండి యతడు కూతురిని చూచుటకై ఆహారపదార్థములను దెచ్చుచు వచ్చుచుండెను. ఆ యొక్క నిమిషమున జరిగిన వాదమువంటిది మేము న్యాయస్థానములలో నెన్నడును వినలేదు. ప్రతివాది భయము, సాక్షి నవ్వుచున్న బిడ్డ.

ఒకొయాంగు

కలబారునకుత్తరమున, రెండునదుల నడుమనున్న ఒకొయాంగుసీమవారు పొరుగువారితో నిత్యము కలహించువారు. బయటివారిని నమ్మరు. మేరీ 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో, జోరున వాన కురియుచుండగా, క్రీక్‌టౌను ప్రభువైన ఎయో యిచ్చిన పడవలో, తాను పెంచుచున్న యైదుగురు పిల్లలతో అచ్చటికి తరలిపోయెను. ఎకెంగే గ్రామాధిపతియైన ఎడెం తన భార్యలుండు ప్రాంగణముననే యామెకు తావిచ్చెను. మట్టిగోడలు, మేకలు, కోళ్లు, కలహములు, త్రాగుడు. ఆమె వీని నడుమనే నివసించెను.

ఎడెంయొక్క సోదరి మా ఎమే యనునామె మేరీకి ప్రాణస్నేహితురా లయ్యెను. ఎక్కడనైన కవలలు పుట్టినను, ఎవరికైన విషపరీక్ష నిర్ణయింపబడినను మా ఎమే బహిరంగముగ చెప్పజాలదు. చెప్పిన జాతిద్రోహమగును. కావున మందు కావలెననుచు నొక ఖాళీసీసా పంపుచుండెను. అదియే గురుతు. సీసా చేతికి వచ్చుటయే తడవుగ మేరీ యడవిదారి పట్టుచుండెను. చరిత్రకారులు మేరీనే కొనియాడుదురు. మా ఎమే క్రైస్తవమతమున జేరలేదు. తన యాచారములను విడువలేదు. అయినను బిడ్డల ప్రాణములు నిలిచిన వానిలో సగముపాలు ఈ సీసాదే యని మేము తలచుచున్నాము.

విషపరీక్ష యనగా నేమో వివరింపవలెను. ఎవరైన నకాలమరణము నొందిన, అది యభిచారమువలన జరిగినదని యెంచి, అనుమానింపబడినవారిచేత ఎసెరె యను గింజను నూరి త్రాగించుచుండిరి. వాంతి చేసికొని బ్రదికినవాడు నిర్దోషి, చచ్చినవాడు దోషి. ఈ గింజనే యెడింబరోపండితులు తెప్పించి పరిశోధించిరి. 1864లో దానినుండి ఫైసోస్టిగ్మైను అను పదార్థము వేరుచేయబడెను; అది పిమ్మట కంటిజబ్బులకు మందయ్యెను. ఒకచోట మనుష్యుని చంపిన గింజయే మరియొకచోట చూపు నిలిపెను.

మేరీ యెకెంగే చేరిన కొలదికాలమునకే ఎడెం కుమారుడైన ఎటిం క్రొత్తయిల్లు కట్టుచుండగా దూలము మీదబడి, కొన్నిదినములు బాధపడి మరణించెను. పొరుగూరివారిపై నభిచారదోషము మోపబడెను. స్త్రీపురుషులు పలువురు సంకెళ్లతో స్తంభములకు గట్టబడిరి. అధిపతికుమారుని వెంట మనుష్యులు పోవుట యచ్చటి మర్యాద. మేరీ యా మర్యాదను నిందింపలేదు. మృతదేహమునకు పట్టుబట్టలు తొడిగించి, తలకు పాగాచుట్టి, గొడుగు క్రింద కూర్చుండబెట్టి, ఎదుట నద్దముంచి, అంతవర కాసీమలో నెవ్వరికిని జరుగని గౌరవమును జరిపించెను. కుమారునికి లోపము రాలేదని తండ్రి సంతసించెను. అటుపిమ్మట రాత్రింబవళ్లు మేరీయు, మిషను వడ్రంగియైన చార్లెస్ ఓవెన్సును వంతులువేసికొని బందీలను కాచిరి. దినములు గడచినకొలది కోపము చల్లారెను. ఒక్కొక్కరే విడువబడిరి. శవముతో నొక యావుమాత్రమే పాతిపెట్టబడెను. ఆ సీమలో మనుష్యబలి లేకుండ నధిపతికుటుంబములో జరిగిన మొదటి యంత్యక్రియ యదియని చెప్పుదురు.

కవలలవిషయమున మాత్ర మామె యే రాజీకిని నొప్పుకొనలేదు. ఒకప్పుడు ఇయే యను బానిసస్త్రీకి కవలలు పుట్టిరి. ఆమె సామానులు ధ్వంసము చేయబడెను. ఆమె యూరినుండి తరుమబడెను. మేరీ యెదురుగాబోయి, పిల్లలనున్న పెట్టెను తానే యెత్తికొని బయలుదేరెను. అయితే సంతకుబోవు బాటమీద నడచిన నా బాట మైలపడునని జనులు మరల దానిని త్రొక్కరు. కావున మేరీ యెండలో నాగి, అడవిలో క్రొత్తత్రోవ కొట్టించి, దానివెంట తల్లిని, బిడ్డలను నింటికి జేర్చెను. ప్రాణము విషయమున పట్టుదలయు, బాటవిషయమున సహనమును నామె కేకకాలమున నుండెను. మగశిశువు చనిపోయెను. సూసీ యను నాడుబిడ్డ మిగిలి, యింటిల్లిపాదికిని గారాబమై పెరుగుచు, వేడినీరు మీదబడి పసితనముననే మరణించెను. కన్నబిడ్డ పోయినట్లే మేరీ దుఃఖించెను.

1895 ప్రాంతమున మేరీ కింగ్‌స్లీ యను నాంగ్లవిదుషీమణి యచ్చటికి వచ్చెను. మిషనరీలయందామెకు గౌరవము తక్కువ. ఆఫ్రికావారి యాచారములను తెలియక నిందింతురని యామె యభియోగము. అట్టి విమర్శకురాలును మేరీ స్లెస్సరును మాత్రము తన గ్రంథమున మనసార శ్లాఘించెను.

బోధ యొక్కటియే చాలదని మేరీ గ్రహించెను. ఒకొయాంగువారి నొప్పించి, ఆయుధములను విడిచి, నూనెను, కందగడ్డలను కలబారు వ్యాపారుల కమ్మునట్లు చేసెను. వ్యాపారము పెరిగిన కొలది కలహములు తగ్గెను. బాలురకు వడ్రంగము, కమ్మరము మున్నగు వృత్తులు నేర్పవలెనని యామె పట్టుబట్టుటయు, 1895లో కలబారున హోప్ వాడెల్ శిక్షణాలయము వెలయుటకొక కారణము.

ఈ నడుమ చార్లెస్ మారిసను అను నుపాధ్యాయుడామెను వివాహమాడ గోరెను, ఆమెయు సమ్మతించెను. అతని యారోగ్యము చాలదని మిషనువా రతని నొకొయాంగుకు పంప నిరాకరించిరి. పిల్లలను, పల్లెను విడిచి పట్టణమునకు బోవుట కామె యొప్పుకొనలేదు. వివాహము జరుగలేదు.

న్యాయాధికారము

1892లో నాంగ్లప్రభుత్వమువా రామెను ఒకొయాంగున వైసుకాన్సలుగా నియమించిరి. 1905లో నికోట్ ఓబోంగు న్యాయస్థానమున కుపాధ్యక్షురాలిని జేసిరి. స్త్రీకి న్యాయాధికార మసంభవమని మనదేశమున ననేకులు తలచుచుండిన కాలమున నామె తీర్పులు చెప్పుచుండెను. విధవలు, బానిసలు, వెడలగొట్టబడిన భార్యలు ఆమె వాకిట నిండియుండిరి.

న్యాయవాదులముగా నొక లోపమును జెప్పక తప్పదు. ఆమె న్యాయస్థానమున నియమములు తక్కువ. ఆమె చిత్తమే యెక్కువ. చట్టము పక్షమున నుండినను మూర్ఖుడని తోచినవానిని చెంపపై గొట్టినట్లును చెప్పుదురు. అప్పీలు లేని తీర్పు, ఎంతటి దయామయి యిచ్చినదైనను, ప్రమాదము లేనిది గాదు. అంతకంటె పెద్దసంగతి యొకటి కలదు. ఆమెకధికారమిచ్చిన ప్రభుత్వము శిశుహత్యను మాన్పుటకే యచ్చటికి రాలేదు. నూనెకును, నేలకును వచ్చెను. 1901–02లో ఆరోచుక్వుపై జరిగిన దండయాత్రలో తుపాకులు ముందు నడచెను. మిషనులకు దారి వెనుక తెరవబడెను. మేరీ సైనికులతో పోలేదు గాని, ఆ తెరచిన దారినే ఇటూ మొదలగు తావులకు బోయెను. నైజీరియావారు తమ స్వాతంత్ర్యమును 1960వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన తిరిగి పొందిరి. ఈ నిజమును మరుగుపరచి యామెను పొగడుట చరిత్రమునకు ద్రోహము.

అయినను స్వతంత్రులైన నైజీరియావారే యామెను మరువలేదు. కలబారు పట్టణమున, కవలల నిరుచేతుల నెత్తికొన్న యామె ప్రతిమ నిలిచియున్నది. ప్రభువులను ద్రోసిపుచ్చినవారు తల్లిని నిలుపుకొనిరి.

అంత్యకాలము

వృద్ధాప్యమున నామె నడువజాలక, చక్రములుగల చిన్నబండిలో పిల్లలు త్రోయుచుండగా పల్లెలకు బోవుచుండెను. 1913లో సెయింటుజాను సంఘపు గౌరవపతకము లభించెను. 1915వ సంవత్సరము జనవరి 13వ తేదీన ఊసె గ్రామమున, మట్టియింటిలో, పెంచిన యాడుబిడ్డలు చుట్టును గూర్చుండియుండగా నామె కన్నుమూసెను. అప్పటి కరువదియారేండ్లు. దేహము నదిమీద కలబారునకు గొనిపోయి రాజలాంఛనములతో సమాధి చేసిరి. బ్రదికినన్నాళ్లు వేరుపేరులతో బిలిచినను, జనుల నోట నిలిచినది అందరి తల్లి యనునదే.

ఆఫ్రికాపల్లెల బిడ్డలకు సహాయము చేయవలెనను నుత్సాహము నేటికిని లోకమున గలదు. కొన్నివారములకై పోయి, యనాథాలయములందు బిడ్డల నెత్తికొని ముద్దాడి, మరలివచ్చువారు పెక్కండ్రు. ఆ యనాథాలయములలోని బిడ్డలలో ననేకులకు తల్లియో తండ్రియో బ్రదికియున్నవారే యని పరిశోధకులు చెప్పుచున్నారు. బిడ్డలను కుటుంబములనుండి వేరుచేయు నిట్టి స్వచ్ఛందయాత్రల కీడును 2019లో ఐక్యరాజ్యసమితి మహాసభయు తన తీర్మానమున పేర్కొనెను. అలవాటుపడిన చేయి మాటిమాటికి విడిచిపోవుట బిడ్డకు మరియొక గాయము.

మేరీ స్లెస్సరు విడిచిపోలేదు. జ్వరమున స్వదేశమునకు బోవునపుడును బిడ్డలను వెంటబెట్టుకొని పోయెను. సాధ్యమైనపుడెల్ల బిడ్డను తండ్రి చేతులలో నుంచుటయే యామె విజయముగా నెంచెను. పరోపకారము చేయగోరు మిత్రులు పంపు ధనమెంత యని యడుగుటకు ముందు, తామెవరి చేతులలో బిడ్డను బెట్టుచున్నారో, ఎన్నాళ్లు నిలువగలరో యని తమ్ము దామే యడుగుకొందురు గాక. జేని తండ్రి చేతులు వణకుట మానిన యానిమిషమే యీ చరిత్రమంతటికిని ఫలితార్థము.